మా బావ, పరుపుల బండి

పోయిన నెలలో ఒక పొద్దున శెనక్కాయ చేనులో కలుపు తీస్తున్నాను. మా పక్కింటాయన గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ బావ లేడంటప్పా" అన్నాడు. నేను పట్టిన సాలు చివరిదాకా కలుపు తీసి, అప్పుడు లేచాను. అట్లా ఎందుకు చేశానో నాకే తెలియదు.

నేను మాటలు తక్కువ మనిషిని. ఊరి బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలే నా చదువు. మా అక్కకు పిల్లలు లేరు. బావ గురించి రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి నేనే రాస్తున్నాను.

బావది రైల్వేలో పని. ఉత్తరం వైపు నుంచి రాత్రంతా నడిచి తెల్లారేసరికి మా పెనుకొండ దాటి, హిందూపురం మీదుగా బెంగళూరు చేరే బండి ఒకటి ఉంది. అందులో మొదటి తరగతి పెట్టెకు ఆయన అటెండరు. మా ఊళ్ళలో దాన్ని పరుపుల బండి అనేవాళ్ళు. మా నాయన చిన్నప్పుడు అందులో దొరలు, జమీందార్లు పోయేవాళ్ళట. అప్పుడు సన్న పట్టాలు, బొగ్గింజను. అన్నం తినడానికే వేరే పెట్టె, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, పింగాణి తట్టలు. బావ పనిలో చేరేనాటికి దొరలు లేరు గానీ ఆ బల్లలు, ఆ తట్టలు ఇంకా ఉన్నాయి. ఆయనకు తెల్లకోటు, నడుముకు ఎర్రపట్టా ఇచ్చినారు. ఆ కోటును మా అక్క చవుడు నీళ్ళలో ఉడకబెట్టి, నీలిమందు పెట్టి, ఇంటి ముందర ఆరేసేది. దాని కిందికి కోళ్ళను కూడా రానిచ్చేది కాదు.

ఒకసారి ధర్మవరంలో బండిని కడిగే చోటికి నన్ను పిల్చుకుపోయి, పెట్టె లోపలికి ఎక్కించినాడు. లోపలంతా నున్నటి చెక్క, ఇత్తడి పిడులు, గోడకు అద్దం. నేను నిలబడే చూస్తున్నాను. "కూచో బామ్మర్దీ, పరుపు కరవదులే" అన్నాడు. అంచున కూర్చున్నాను. లేచిన తరువాత నేను కూర్చున్న చోటును ఆయన అరచేత్తో సాపు చేసినాడు. నన్ను చిన్నబుచ్చాలని కాదు. ఆయన చేతికి అది అలవాటు.

పరుపులు వేసేది ఎవరైనా వేస్తారు. బావ అసలు పని నిద్ర లేపడం. పెనుకొండలో దిగేవాళ్ళను ధర్మవరం దాటగానే, హిందూపురంలో దిగేవాళ్ళను పెనుకొండ దాటగానే లేపాలి. మూడుసార్లు పిలిచేవాడు. మొదటిసారి మనిషిని. రెండోసారి, వస్తున్న ఊరి పేరు చెప్పి. మూడోసారి ఊరితోబాటు బయట చలిగా ఉందా, వాన పడుతోందా అది కూడా చెప్పి. పిలుపుకూ పిలుపుకూ నడుమ ఆగేవాడు. గొంతు పెంచేవాడు కాదు. ఒంటి మీద చెయ్యి వేసేవాడు కాదు. అట్లా ఎందుకని అడిగితే నాతో ఒకసారి చెప్పినాడు.

"నిద్రలో ఉండేటోడు యాడుంటాడో మనకు తెల్దబ్బా. ఆడి నుంచి ఈడికి రావల్ల కదా. దోవ దొరికేదాకా మనం ఆగల్ల."

ఇంకో మాట కూడా అన్నాడు. కళ్ళు తెరిచినారని పోగూడదంట, మళ్ళా నిద్రపోతారు. కాళ్ళు నేల మీద పెట్టేదాకా నిలబడాలంట.

ఈ అలవాటు ఇంట్లోనూ పోలేదు. నా పెండ్లిలో చుట్టాలంతా పందిట్లో పడుకుని ఉన్నారు. ముహూర్తం పొద్దున్నే. అందరినీ లేపమని మా నాయన బావకు చెప్పినాడు. ఆయన ఒక్కొక్కరి తలాపున నిలబడి, "పెనుకొండ వస్తాంది, లేయండి" అన్నాడు. ఆయన నోటికి వచ్చింది అదే. గోరంట్ల నుంచి వచ్చిన మా మామ ఒకాయన మూట సంకలో పెట్టుకుని, చెప్పులు వెతుక్కుని, దిగడానికి సిద్ధంగా నిలబడినాడు. "ఏమప్పా, టికెట్టు తీసుంటివా?" అని ఆడవాళ్ళు ఆయన్ను బతికినన్నాళ్ళూ ఆడుకున్నారు. బావ సిగ్గుపడి ఆ పూట సగం అన్నమే తిన్నాడు.

తరువాత పట్టాలు వెడల్పు చేసినారు. చెక్క పెట్టెలు పోయి ఇనుప పెట్టెలు వచ్చినాయి. అన్నం పెట్టెను ఒకరోజు విప్పేసినారు, మళ్ళా తగిలించలేదు. ఏసీ వచ్చింది, కిటికీలు మూతపడినాయి. దుప్పట్లు కాగితం పొట్లాల్లో వచ్చినాయి, వాటిని చేతికి ఇస్తే చాలు. బావ ఉద్యోగం చివరికొచ్చేసరికి అందరికీ సెల్లు ఫోన్లు. "వాళ్ళ జోబీలోనే ఒకడు కూచోని లేపుతాండాడబ్బా. మనతో పనేముంది" అన్నాడు. కోపంగా అనలేదు. రిటైరై ఊరికి వచ్చినాక కొన్నాళ్ళకు ఆ బండి పెనుకొండలో నిలవడం కూడా మానేసింది. అయినా తెల్లారి అది కూత వేసుకుంటూ పోతే ఈయన లేచి కూర్చునేవాడు. కప్పుకున్న దుప్పటిని నాలుగు మూలలూ కలిపి మడిచి, అంచు లోపలికి తోసి, కాళ్ళ వైపు పెట్టేవాడు. ఆ తరువాతే ముఖం కడుక్కునేవాడు.

ఆయన పోయిన రోజు కూడా అట్లే లేచినాడు. దుప్పటి మడిచి పెట్టినాడు. మళ్ళా ఎందుకో వట్టి చాప మీద పక్కకు తిరిగి పడుకున్నాడు. అక్క కాఫీ పెట్టి పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచి, పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. నేను పోయేసరికి అక్కడే ఉంది. కాఫీ లోటా చేతిలోనే ఉంది.

"దోవ దొరికేదాకా ఆగల్లని ఆయప్పే చెప్తాండె కదరా అబ్బీ. అందుకే ఆగితిని" అంది.

లోటా ఆమె చేతిలోంచి తీసుకున్నాను. చల్లగా ఉంది.

మా ఊళ్ళో శవాన్ని తీసుకుపోయేటప్పుడు నడిదోవలో పాడెను దించి, చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలన్నా ఉంటే లేస్తాడని ఆశ. దింపుడు కళ్ళం అంటారు. పిలవాల్సింది నేనే. పాడె కదిలేముందు అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆయప్ప పిలిచినట్టే పిలువు. అందరి మాదిరి అరవొద్దు" అంది. ఆమె ముఖం చూస్తే, నేను సరిగ్గా పిలిస్తే ఆయన వచ్చేస్తాడని నమ్ముతున్నట్టే ఉంది.

మా దింపుడు కళ్ళం రైలుగేటుకు ఇవతల. పొద్దు వాలుతోంది. మేము పోయేసరికి గేటు వేసి ఉంది. పాడె దించినాము. బెంగళూరు నుంచి తిరుగు పరుపుల బండి వచ్చింది. అద్దాల లోపల దీపాలు. ఒకామె కాగితం పొట్లం చించి దుప్పటి పరుచుకుంటోంది. ఎవరూ బయటికి చూడలేదు. బండి పోయింది. పట్టాల చప్పుడు కూడా ఆగింది.

నేను ఆయన తల దగ్గర కూర్చున్నాను.

"బావా" అన్నాను. ఆగినాను.

"గట్టిగా పిలువప్పా, యాడ వినపడుతాది అట్ల పిలిస్తే" అన్నారు వెనక నుంచి ఎవరో. నేను గొంతు పెంచలేదు.

"బావా, పెనుకొండ వస్తాంది." మళ్ళా ఆగినాను.

"పెనుకొండ వచ్చింది బావా. బయట గాలి చల్లగా ఉండాది."

పిలవడం అయిపోయింది. గేటు తీసినారు. పాడె ఎత్తమని పెద్దవాళ్ళు చెప్తున్నారు. నేను లేవలేదు. కాళ్ళు నేల మీద పెట్టేదాకా నిలబడాలని చెప్పినాడు కదా, ఆయన కాళ్ళకేసి చూస్తూ అక్కడే ఉన్నాను. రెండు బొటనవేళ్ళూ కలిపి తెల్లదారంతో కట్టి ఉన్నాయి. దారం కొస ఒకటి గాలికి కదులుతోంది.