మోతె బావిలో వెడ్డెల్ సీలు

మనిషి మునగడానికి సముద్రమే అక్కర్లేదు, సగం చదువు చాలు. నమ్మకపోతే, నన్ను నిలువునా ముంచిన ఆ ఉదయం గురించి వినండి. అప్పటికి నాకు అరవై దాటి ఏడాదే. కుర్రతనం.

నా బడి అయిదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా సూర్యాపేట గ్రంథాలయంలోనూ, ఈమధ్య ఫోనులోనూ నాకు నేనే చెప్పుకున్నాను. ఆ వారం వెడ్డెల్ సీలు మీద పడ్డాను. దక్షిణ ధ్రువం దగ్గర మంచుపలక కింద ఈదే జీవి అది. మంచులో కన్నం పూడిపోకుండా పళ్లతో గీకుతూ, అందులోంచే గాలి పీలుస్తుంది. పళ్లు అరిగిపోతాయి పాపం. ఒకసారి మునిగితే గంటసేపైనా పైకి రాదట. "మునిగే ముందు ఇది ఊపిరి వదిలేస్తుంది. ఎందుకంటే..." అని వీడియోలో గొంతు అనగానే సబ్బు ప్రకటన వచ్చింది. విజ్ఞానం మధ్యలో సబ్బు అమ్ముతారా? ఒళ్లు మండి ఫోను కట్టేశాను. ఆ "ఎందుకంటే"ను నేనే పూరించుకున్నాను. గాలి ఉంటే తేలుతాం, లేకపోతే మునుగుతాం. తప్పేముంది చెప్పండి?

అప్పుడే మోతెలో నా బావమరిది సైదులు బావి మోటారు నీళ్లు పోయడం మానేసింది. పైపు అడుగున నీళ్లు పీల్చే ఫుట్‌వాల్వుకు ఏదో అడ్డం పడింది. వరి పొట్ట మీదుంది, మడి నెర్రెలిచ్చింది. ఆ పంటే వాళ్ల ఏడాది తిండి. నేనూ, మా ఆవిడ యాదమ్మా పరుగున వెళ్లాం.

"కోదాడ నుంచి మునిగేటాయన రేపొస్త అన్నడు బావా," అన్నాడు సైదులు దిగులుగా.

"రేపటిదాక వరి ఆగుతదా? నేనే మునుగుత," అని చొక్కా విప్పాను.

"నడుముకు డబ్బ కట్టకుంటే నీకు ఈతొస్తదా బావా?"

"ఈత వేరు, మునుగుడు వేరు. ముందుగాల ఊపిరంత ఇడిసిపెట్టాలె. సీలు గట్లనే చేస్తది."

"ఊపిరి ఇడిసినోళ్లను మోసుకపోతరు గని బాయిల దింపరు," అంది యాదమ్మ.

అజ్ఞానులతో వాదమెందుకని, ఉన్న గాలంతా ఊదేసి రుబ్బురోలులా దూకాను. మునగడం అద్భుతంగా జరిగింది, సీలు చూస్తే ఈర్ష్య పడేది. అడుగు తగిలాకే శాస్త్రంలో లోటు తెలిసింది. మునిగినవాడికి చలి లేదంటారు. మునిగి చూసినవాడిగా చెబుతున్నాను, ఉంది. చేతికందిందల్లా పట్టి గింజుకున్నాను. కళ్ల ముందు హైవే మీది లారీ లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి.

అంతలో నా తలపై మిగిలిన గుప్పెడు జుట్టును ఎవరో పట్టి పైకి లాగారు. యాదమ్మ. మిర్యాలగూడ దగ్గర సాగర్ కాలువలో ఈత నేర్చిన మనిషి. పుణ్యం కొద్దీ పురుషుడంటారు గానీ, నా విషయంలో పుణ్యం కొద్దీ పెళ్లామే.

గట్టున బోర్లా పడేసి వీపు మీద గుద్దింది. మొదటి గుద్దులు నీళ్లకు, తరువాతివి నాకు.

"అక్కా ఆగు. బావ చేతిల అదేంది?" అన్నాడు సైదులు.

నా పిడికిట్లో చిరిగిన యూరియా సంచి. పైపు మూతికి అడ్డం పడింది అదే. సైదులు పైపులో నీళ్లు నింపి మోటారు వేస్తే లావుపాటి ధార పడింది.

"సచ్చేటప్పుడు గూడ బావ పని ఇడ్సిపెట్టలే," అని కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకోసారి గిట్ల జేస్తే నీ ఎన్క నేను దుంక," అంది యాదమ్మ. అంటూనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చి వీడియో చివరిదాకా చూశాను. సీలు గాలిని రక్తంలో, కండలో దాచుకుంటుందట. నా రక్తంలో ఉన్నది పొద్దుటి ఛాయ్ ఒక్కటే. పిల్ల సీలు మునగడం నేర్చేటప్పుడు తల్లి పక్కనే ఉంటుందన్న ముక్క విని, చాలాసేపు యాదమ్మ వైపే చూస్తూ కూర్చున్నాను.

మరునాడు సైదులు పొలానికి పక్క రైతు ఆటోతో వచ్చాడు. "అన్నా, మా బాయిల గూడ మోటర్ నీళ్లు గుంజుతలేదు. నువ్వు మునుగుతె వదినె తీస్తదట గద. ఇద్దరు ఎక్కుండ్రి."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. యాదమ్మ పక్కన లేనిదే ఇకపై స్నానం బకెట్లో చెంబు కూడా ముంచను.