పైన అంటించిన కాగితం

చిత్తూరులో నేను పనిచేసే మామిడి రైతుల సంఘం ఆఫీసు వాకిలి పక్కన ఒక చెక్క బోర్డు ఉండేది. ఏ మందు కొట్టాల, ఏది కొట్టగూడదు అని కొత్త కాగితం వస్తే, పాతదాన్ని పీకే పని పెట్టుకోకుండా దాని మీదే మైదాపిండితో అంటించేసేదాన్ని. ఏండ్ల తరబడి అంటించి అంటించి అది అట్టమాదిరి మందమైపోయింది. పైన కనపడేదే చెల్లుతుందని రైతులందరికీ తెలుసు. ఎవురూ చెప్పాల్సిన పనే రాలేదు.

తర్వాత ఏఐ అని ఒకటి తెచ్చినారు. రైతు ఫోన్ చేసి అడిగితే కాగితాలన్నీ చదివి జవాబు చెప్తాదంట. దాన్ని పెట్టను వచ్చినోళ్ళు బోర్డు మీద నీళ్ళు చల్లి, కాగితాలు ఒక్కొక్కటే ఊడదీసి, ఆరబెట్టి స్కాన్ చేసినారు. అన్నీ ఒకే కుప్పలో పోసినారు.

"సార్, ఏది పైనదో ఏది కిందిదో రాసిపెట్టుకోండి. చెల్లనివి వేరే పెట్టండి" అన్నాను.

మా మేనేజరు నవ్వినాడు. "అది మనకన్నా తెలివైందమ్మా. అదే తెలుసుకుంటాదిలే."

తేదీలు సగం మైదాలోనే పోయినాయి. ఇంగ అదేం తెలుసుకుంటాది, దాని మొగం.

మా అన్నకు తోతాపురి మామిడి తోట తప్ప ఇంకో ఆధారం లేదు. ఇల్లు గడిచేది, కూతురి చదువు, అన్నీ దాని మీదే. ఆ ఏడు కాయ కోతకొచ్చే ముందర పండుఈగ పడితే, ఆ ఏఐకి ఫోన్ చేసినాడు. అది ఎంతో మర్యాదగా, యాడా తడబడకుండా ఒక మందు పేరు చెప్పింది. నీళ్ళల్లో ఎంత కలపాల్నో కూడా చెప్పింది. ఆ మందు మా బోర్డులో అట్టడుగున ఉండిన కాగితంలోది. మామిడికి దాన్ని కొట్టగూడదని దాని పైన అంటించిన కాగితంలో ఎప్పుడో చెప్పేసినారు. వేరే పైర్లకని అంగట్లో మాత్రం ఇంకా అమ్ముతానే ఉండారు.

జ్యూస్ ఫ్యాక్టరీ గేటు కాడ కాయ పరీక్ష చేసి, కొట్టగూడని మందు ఉండాది, తీసుకోము పొమ్మన్నారు. ట్రాక్టర్ తిప్పుకొని వచ్చి, కాయంతా రోడ్డు పక్క గుంతలో పారబోసినాడు. ఆవులు మూతి పెట్టకుండా పొద్దుగూకేదాకా ఆడనే కాపలా కూర్చున్నాడు.

"నన్నెందుకు అడగలేదన్నా?" అన్నాను.

"అది మీ ఆఫీసుదే గదా పాపా. నువ్వు చెప్పినట్టే అనుకున్యాను."

మిషన్ తప్పు చేసిందని మేనేజరు అందరికీ చెప్పుకొని తిరిగినాడు. అన్నీ ఒకటేనని ఇస్తే అది మాత్రం ఏం చేస్తాది? తర్వాత ఇంకా తెలివైందని ఇంకో ఏఐ తెచ్చినారు. దానికీ ఆ కుప్పే పెట్టినారు. మళ్ళీ చెప్పినాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

ఈ ఏడు పూతకు పురుగు పడితే అన్న నాకే ఫోన్ చేసినాడు.

"పాపా, బోర్డు కాడికి పోయి, పైన కాగితంలో ఏముండాదో చూసి చెప్పు."

బోర్డు పీకేసి, గోడకు సున్నం కొట్టి చాన్నాళ్ళయింది. కాగితాలు ఇప్పుడు నా చేతికి రావు, నేరుగా కంప్యూటర్లోకే పోతాయి. ఆఖరున వచ్చింది ఏదో నాకూ తెలీదు. ఉండన్నా చూస్తాను అని చెప్పి, ఆ తెల్లగోడ ముందర నిలబడినాను. ఆ పక్క అన్న ఫోన్ పెట్టకుండా కాచుకొనే ఉండాడు.