పుడకలదాకా ఆగని బుద్ధి

బుక్కరాయసముద్రం బస్టాపులో ఉడకబెట్టిన శనక్కాయల ఆవిరి ముఖానికి తగిలితే చాలు, నాకు గ్రేసమ్మ టీచరు గుర్తొస్తారు. నల్లమాడ బడిలో ప్రతి శనివారం ఆమె మా చేత వాదనలు పెట్టించేవారు. చివర్లో గంపెడు శనక్కాయలు పంచేవారు. మొదటి దోసిలి ఓడినవాళ్ళకే. ఓడినవాళ్ళు ఎక్కువ ఆలోచించాలి కాబట్టి వాళ్ళకే ఆకలెక్కువని ఆమె సిద్ధాంతం.

ఒక వారం బోర్డు మీద "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని రాసి, దాన్ని ఖండించే పని నాకు అప్పగించారు. మా నాయన ఊళ్ళో పేరుమోసిన కొట్లాటమనిషి. నేనూ అప్పటికే ఇద్దరి ముక్కులు పగలగొట్టినవాణ్ణి. అచ్చం నాయనే అని ఊరు తేల్చేసింది, నేనూ నమ్మేశాను. ఈ వాదన నాకొద్దని టీచరును బతిమాలాను.

"మా కిరస్తానమోళ్ళను పూడుస్తారు గదప్పా, పుడకలే ఉండవు. మరి మా బుద్ధి ఎప్పుడు పోవల్ల?" అని నవ్వించి పంపేశారు.

వాదన రోజున ఎదుటి పక్షం ఓబులేసు నా మాటలకు బదులు చెప్పలేదు. నన్నే వేలెత్తి చూపించాడు.

"రుజువు ఈడనే నిలబడుకోనుండాది. వాళ్ళ నాయన బుద్ధి వీన్ని ఇడిసిపెట్టి యాడికి పోతాది?"

తరగతి గొల్లుమంది. నా పిడికిలి బిగుసుకుంది. టీచరు కుర్చీలోంచి కదల్లేదు. కొడితే గెలిచేది వాడి వాదనే. ఆ సంగతి తట్టేసరికి నాకే నవ్వొచ్చింది.

"కొడతాననే గదా నీ ఆశ? కొట్టను పోరా. ఇప్పుడు నీ రుజువు యాడికి పాయె?" అన్నాను.

అందరికంటే ముందు ఓబులేసే నవ్వాడు. ఆ రోజు మొదటి దోసిలి వాడికి దక్కింది. ఇంటికి పోతూ, అయితే ఇక నేను మంచివాణ్ణేనా అని టీచరును గర్వంగా అడిగాను.

"తొందరపడొద్దప్పా. ఈ పొద్దు కొట్టలేదు, అంతే. రేపటిది రేపు నువ్వే తేల్చుకోవల్ల."

దేవుడి విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ కుదరలేదు. మనిషిని ఆయన చేశాడని ఆమె, మనిషి తన్ను తానే చేసుకుంటాడని నేను, పోయిన ఏడాది ఆమె కన్నుమూసేదాకా సంబరంగా పోట్లాడుకున్నాం. సంస్మరణ సభలో ఒక పెద్దమనిషి ఆమెను పుట్టుకతోనే శాంతమూర్తి అన్నాడు. నేను ఊరుకోలేకపోయాను. కోపమొస్తే ఆమె చేతిలో సుద్దముక్క పొడైపోయేదని, అయినా గొంతు మాత్రం పెరిగేది కాదని లేచి చెప్పాను. ఆ శాంతం పుట్టుకతో వచ్చిందంటే, ఆమె ఏళ్ళ తరబడి పడిన కష్టాన్ని కాజేసినట్టే అన్నాను.

ముందు వరుసలో ఆమె చెల్లెలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈయప్ప చెప్పేది నిజమే. ఇంట్లో మా అక్క కోపం చూసినోళ్ళం మేము." సభంతా నవ్వింది.

"నా స్వభావమే అంత" అని ఎవరైనా చేతులెత్తేస్తే నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ మాట నా నోటి నుంచే వచ్చినప్పుడు అసలే ఒప్పుకోను.