అత్తకు వినిపించిన కిర్రుచెప్పులు

నా చిన్నప్పుడు నా నోరు మూయించగల మనిషి మెదక్‌లోనే లేడని మా ఇంట్లో అందరూ విసుక్కునేవారు. అంత వాగుడుకాయను! అలాంటి నా నోరు ఒక పట్టపగలు దానంతటదే మూతపడింది.

మా మేనత్త కౌడిపల్లిలోని అత్తగారింటి నుంచి వచ్చేసి అప్పటికి రెండు నెలలు. ఆదివారం కులపెద్దలు మా ఇంటికి వస్తున్నారు. అత్త సరేనంటే ఇడుపు కాయితం రాస్తారు. అది రాశాక ఇక మొగుడూ పెళ్ళాల బంధం తెగిపోయినట్టే. వద్దంటే మామయ్య వెంట బస్సెక్కాలి. మామయ్య తాగడు, కొట్టడు. మరెందుకు వచ్చావంటే అత్త, "ఏమని చెప్పాలె వదినా, నాకే తెలుస్తలేదు," అని మా అమ్మ దగ్గర ఏడ్చేది. మా నాన్నకైతే ఒళ్ళు మండిపోయేది.

మా నాయనమ్మ కూతుర్ని పొమ్మనలేదు, ఉండమనలేదు. శుక్రవారం మధ్యాహ్నం అటక మీద నుంచి ఒక కిర్రుచెప్పుల జత దించింది. పోయిన దసరాకు వచ్చినప్పుడు మామయ్య వదిలేసి వెళ్ళినవి. వాటిని గడప బయట పెట్టి, పెరట్లోకి వెళ్ళి కూర్చుంది.

అత్తా నేనూ అన్నం తింటున్నాం. రేడియో మోగుతోంది. నేను మా పంతులుగారి గొంతు అనుకరిస్తుంటే అత్తకు నవ్వీ నవ్వీ పొలమారింది. మంచినీళ్ళకని లేచి, గడప బయట చెప్పులు చూసింది. అంతే! రేడియో కట్టేసింది. గలగలమనకుండా గాజులు ముంజేతి పైకి లాక్కుంది. గోడవారగా అడుగులో అడుగేసుకుంటూ వచ్చి నా పక్కన కూలబడి, "సప్పుడు చెయ్యకు, వచ్చిండు," అంది. పెదవులు కదిలాయి తప్ప గొంతు రాలేదు.

తలుపు బార్లా తీసే ఉంది. వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు. అయినా, ఒట్టు, నాకూ వినిపించింది. కిర్రు... కిర్రు... వాకిలి దాటి, గడప దాటి, సరిగ్గా నా వీపు వెనక ఆగింది. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. తిరిగి చూడాలంటే ప్రాణం మీదికొచ్చింది.

అత్త నా చేతుల వంక చూసింది. నా గాజులు కూడా పైకి లాక్కుని ఉన్నాయి. ఎప్పుడు లాక్కున్నానో నాకే తెలియదు. అత్త నన్ను ఒళ్ళోకి గుంజుకుని, "అవ్వా! గీ పోరికి సుత నా బుగులే, నా భయమే అంటిస్తినే!" అని ఇల్లు అదిరేలా ఏడ్చింది.

ఆదివారం ఆమె ఏడవలేదు. "ఇడుపు రాయిండ్రి," అంది. అతను చేసిన తప్పేమిటని ఒక పెద్దమనిషి గద్దించాడు. "ఆయన లేని ఇంట్ల గూడ నాకు ఊపిరాడుతలేదు. రేపు నాకు పుట్టేటోళ్ళకు గీ బుగులు నేనియ్య," అంది. కాయితం రాశారు.

తర్వాత నాయనమ్మను నిలదీశాను, ఆ చెప్పులేసుకుని నడిచింది నువ్వే కదా అని. ఆమె నన్ను వింతగా చూసింది. "మీ అత్త మనసుల ఏమున్నదో ఆమెకే తెల్వాలని పెట్టిన గానీ, నేనెందుకు నడుస్తనే? నాకైతే ఏ సప్పుడూ ఇనరాలె," అంది. ఆ రాత్రి ఆమెను కరుచుకుని పడుకున్నాను.

ఇప్పుడు ఉండాలా, విడిపోవాలా అని మా వాళ్ళ ఆడపిల్లలు నన్నే అడుగుతారు. సర్దుకోమనీ చెప్పను, తెంచుకోమనీ చెప్పను. మీ ఆయన లేనప్పుడు ఇంట్లో ఎలా ఉంటావమ్మా అని మాత్రం అడుగుతాను. కొందరు వెంటనే చెప్పేస్తారు. కొందరు నోరు తెరిచే ముందు తలుపు వైపు చూస్తారు.