బెల్లం మార్కెట్ని మూయించిన గిటార్ మహానుభావుడు

అనకాపల్లి బెల్లం మార్కెట్ తుఫానొస్తే మూతపడుతుంది. కలాసీలకీ వర్తకులకీ చెడితే మూతపడుతుంది. వర్తకుల్లో పెద్దతల ఏదైనా రాలితే, ఆ రోజు వేలం పాట ఆపేసి, గౌరవంగా మూతపడుతుంది. కానీ ఏడు సముద్రాల అవతల గిటార్ వాయించుకుని బతికి, మా అమ్మానాన్నల పెళ్ళిచూపులకి ముందే పోయిన ఓ జుట్టుపోలిగాడి కోసం మూతపడింది మాత్రం ఒక్కసారే. ఆ ఘనత నాది. చదివేక నవ్వుకోండి, ఫర్వాలేదు. మా నాన్నకి మాత్రం చూపించకండి.

మా నాన్నది ఆ మార్కెట్లో కమీషన్ కొట్టు. నేను బీకాం పూర్తి చేసి, "తర్వాత ఏటిరా?" అన్న ప్రశ్నకి జవాబుగా గిటార్ కొన్నాను. నేనూ, డ్రమ్ములు కొట్టే రమణా కలిసి ఓ రాక్ బ్యాండ్ పెట్టేం. ప్రాక్టీసు మా బెల్లం గోడౌన్లో. శ్రోతలు చీమలు. వరసలో వచ్చేవి, మా పాట మొదలవగానే అదే వరసలో వెళ్ళిపోయేవి. అంత క్రమశిక్షణ గల ప్రేక్షకుల్ని నేను మళ్ళీ చూడలేదు.

బ్యాండ్ అన్నాక అభిమానులుండాలి కదా. వాళ్ళు దొరక్క, మాలాంటి పిచ్చోళ్ళందర్నీ పోగేసి ఓ వాట్సాప్ గ్రూపు పెట్టేను. రోజూ పొద్దున్నే అందులో "ఈ రోజు రాక్ అండ్ రోల్లో" అని ఓ ముక్క రాసేవాణ్ణి. ఇదే రోజు ఫలానా డ్రమ్మర్ పుట్టేడు. ఇదే రోజు నలుగురు కలిసి బ్యాండ్ పెట్టేరు. ఇదే రోజు ఆ నలుగురూ బూతులు తిట్టుకుని విడిపోయేరు. ఇదే రోజు ఒకాయన లక్షణమైన గిటార్ని స్టేజీకేసి బాది ముక్కలు చేసేడు. (ఇది విని మా అమ్మ, "కొనిచ్చినోళ్ళు ఏటీ అన్లేదా?" అని అడిగింది.) రాక్ చరిత్రలో ఖాళీ రోజనేది లేదండీ. పంచాంగం లాంటిదే. రోజూ ఎవడికో ఒకడికి గ్రహచారం బాగోదు.

మా గ్రూపుకో సంప్రదాయం ఉంది. పోయినవాళ్ళ గురించి రాస్తే ఇప్పుడే కబురు తెలిసినట్టు రాయాలి. చదివినవాడి గుండె జారాలి. పేరు రాయకూడదు. ఫొటో చూసి పోల్చుకోలేనివాడు అభిమానే కాదు.

ఆ రోజు మా బ్యాండ్ మొట్టమొదటి ప్రోగ్రాం. సాయంత్రం వర్తకుల సంఘం హాల్లో. సంఘం ప్రెసిడెంటు గారు నాన్న మొహం చూసి హాలిచ్చేరు. "గోల సేసుకోండి గానీ కుర్సీలు ఇరగ్గొట్టకండి," అని ఒక్కటే షరతు. రాక్ గురించి ఆయనకి తెలిసిందంతే, కానీ చాలావరకు తెలిసినట్టే.

పొద్దున్నే ఆ ఉత్సాహంలో ఫొటో పెట్టేను. భుజాల మీదకి జుట్టు, గుండెల మీదకి గడ్డం, మూసుకున్న కళ్ళు, నోట్లో సిగరెట్టు, పక్కన కొంచెం గిటార్ మెడ. కింద ఇలా రాసేను:

"నేడు విషాద దినం. మనందరికీ దారి చూపిన మహానుభావుడు ఈ రోజే మనల్ని విడిచి వెళ్ళిపోయారు. ఆ వేళ్ళు ఆగినా ఆ నాదం ఆగదు."

రాసి, నా రచనకి నేనే కళ్ళు తుడుచుకుని, స్నానానికి పోయేను.

ఇక్కడ మీకు చెప్పాల్సిన చిన్న సంగతొకటి ఉంది. నాన్నకి ఫోన్లో టైపు చెయ్యడం పడదు. అందుకని మార్కెట్ వర్తకుల గ్రూపులో మా కొట్టు తరఫున రాసేది నేనే, నా ఫోన్లోంచే. స్క్రీను మీద ఆ గ్రూపూ మా పిచ్చోళ్ళ గ్రూపూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఇక మీకు అర్థమైపోయుంటుంది. నాకు మాత్రం స్నానమయ్యాక అర్థమైంది.

తల తుడుచుకుంటూ ఫోన్ చూస్తే అన్నీ దండాలే. ఓం శాంతి, ఓం శాంతి, ఓం శాంతి. మధ్యలో ఎవరో, "అయ్యో, మొన్నే కదా బావా చూసేను!" అని. ఎక్కడ చూసేడో దేవుడికే తెలియాలి. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట ఎవడో. మా మార్కెట్లో ఆ దూడకి బారసాల కూడా చేసేసేరు. మా పక్క కొట్టు సూరిబాబు మామైతే గొంతు రికార్డు చేసి మరీ పెట్టేడు: "స్వామి మా ఊరొచ్చినప్పుడు నా తలకాయ మీద సెయ్యేసి, 'యాపారం బాగుంటాదిరా' అన్నారు. అన్నట్టే అయింది." అల్లమంటే తెలీదా, బెల్లంలా పుల్లగా ఉంటుందన్నవాడు మామ ముందు పండితుడు.

అన్నింటి కిందా ప్రెసిడెంటు గారి మాట: "స్వామివారికి గౌరవంగా ఈ రోజు పాట లేదు. మార్కెట్ బంద్. సాయంత్రం హాల్లో సంతాప సభ."

ఇంతలో రమణ ఫోన్.

"ఒరే సత్తీ! హాలు మనకి లేదంటన్నార్రా! ఎవడో స్వామి పోయేడంట. పోయేవోడు ఇయాలే పోవాలేటి?"

"రమణా... ఆ పోయినాయన మనోడే."

"మనోడెవడ్రా?"

"మన గిటార్ గురువు."

"ఆయన మనం పుట్టకముందే పోయేడు కదరా?"

"అవును. ఇయాల మా కొట్టు తరఫున మళ్ళీ పోయేడు."

పరుగున మార్కెట్‌కి వెళ్ళేను. అప్పటికే గేటుకి ఫ్లెక్సీ. మన దేశంలో అంబులెన్సు ఆలస్యం కావచ్చు గానీ ఫ్లెక్సీ కాదు. తయారుచేసిన కుర్రాడెవడో గానీ భక్తిపరుడు. నోట్లో సిగరెట్టు తీసేసి నుదుట విభూది రేఖలు పెట్టేడు. గిటార్ మెడకి కింద గుమ్మడికాయంత బుర్ర తగిలించి తంబురా చేసేడు. చుట్టూ బంతిపూల దండ. నిజం చెప్పొద్దూ, నాకే దణ్ణం పెట్టబుద్ధేసింది.

గేటు ముందు మాడుగుల వైపు నుంచి వచ్చిన రైతులు ఆటోల్లో బెల్లం దిమ్మలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ కళ్ళల్లోకి చూడలేక తల దించుకుని లోపలికి నడిచేను. నాన్న వాళ్ళ సరుకు మా గోడౌన్లోకి దింపిస్తున్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. మా నాన్న మొహం నన్ను చూసి వెలగడం అరుదైన సంఘటన. అందుకే మరీ భయమేసింది.

"ఒరే సత్తీ, బేగిరా. కబురు ముందు మన కొట్టుకే తెలిసిందని అందరూ మెచ్చుకుంటన్నార్రా. 'నీ మాటంటే మాటేనయ్యా' అన్నారు ప్రెసిడెంటు గారు."

"నాన్నా, ఓ సంగతి..."

ఆయన నన్ను దిమ్మల చాటుకి లాగి గొంతు తగ్గించేడు. "అది కాదు గానీ, ఇంతకీ ఎవర్రా ఈయన? సభలో నన్ను మాటాడమన్నారు. తెలీదంటే పరువు పోదా?"

చెప్పేసేను. గిటారూ, రాక్ అండ్ రోలూ, రెండు గ్రూపులూ, అన్నీ. నాన్న అరవలేదు. దిమ్మ మీద కూలబడ్డాడు.

"ఎప్పుడు పోయేడన్నావు?"

"మీ పెళ్ళికి ముందే, నాన్నా."

"ముప్పై ఏళ్ళబట్టి ఈ మార్కెట్లో నా నోట అబద్ధం రాలేదురా," అన్నాడు నెమ్మదిగా. "రైతు గానీ వర్తకుడు గానీ నా మాట మీదే సరుకు ఎత్తుతాడు. ఇప్పుడది కాస్తా నీ గిటారోడితో పాటు పోయినట్టే."

తిట్టినా బాగుండేది. అప్పుడు మొదటిసారి ఆ గిటార్ అమ్మేద్దామనిపించింది.

సభకి జనం పోటెత్తేరు. గేటుకున్న ఫ్లెక్సీని తెచ్చి స్టేజీ వెనక కట్టేరు. స్టేజీ మీద రమణ డ్రమ్ముల మీద తెల్ల దుప్పటి కప్పేరు. చూడ్డానికి అక్కడే ఎవరో పోయినట్టుంది. "కుర్రోళ్ళు ఎలాగూ వాయిద్యాలు తెచ్చేరు కదా, భజన కట్టండి," అన్నారు ప్రెసిడెంటు గారు. మాకొచ్చిన పాటల్లో నెమ్మదైనది కూడా రైలు పట్టాలు తప్పినట్టుంటుంది.

ముందు రెండు నిమిషాల మౌనం అన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. ఈగ వాలితే వినపడేలా ఉంది. నేను కంగార్లో గిటార్ తీసుకుని స్పీకర్ ముందుకి జరిగేను. అంతే. కుయ్యిమంటూ ఓ చావుకేక హాలంతా చీల్చేసింది. ముందు వరసలో ఒకాయన కళ్ళజోడు జారిపోయింది.

సూరిబాబు మామ మాత్రం రెండు చేతులూ పైకెత్తేడు. "స్వామి పలికేరు!"

సరిగ్గా అప్పుడు వచ్చింది ప్రెసిడెంటు గారి మనవరాలు లావణ్య. మా ప్రోగ్రాం ఉందనుకుని వైజాగ్ కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. నల్ల టీషర్టు. టీషర్టు మీద అదే జుట్టు, అదే గడ్డం, అవే మూసిన కళ్ళు. సిగరెట్టు మాత్రం భద్రంగా నోట్లోనే ఉంది.

జనం టీషర్టుని చూసేరు. ఫ్లెక్సీని చూసేరు. మళ్ళీ టీషర్టుని చూసేరు.

"తాతా, ఈయనకి దండేసేరేంటి?" అందా పిల్ల సంబరంగా. "మీకూ ఇష్టమా? ఈయన రాక్ గిటారిస్టు తాతా! పోయి ఎన్నేళ్ళైందో!"

ప్రెసిడెంటు గారు మెల్లగా సూరిబాబు మామ వైపు తిరిగేరు. "నీ తల మీద సెయ్యేసింది ఈయనేనా?"

"సెయ్యి... సెయ్యైతే ఏసేరు బావా. ఎవరేసేరో సరిగ్గా సూళ్ళేదు."

తర్వాత ఆయన నాన్న వైపు తిరిగేరు. హాలంతా నాన్న వైపే తిరిగింది. "ఏటయ్యా ఇది? నీ కొట్టు మాటని నమ్మి మార్కెట్ మూసేను. అబద్ధం సెప్తావా?"

నేను లేచి తప్పు నాదేనని చెప్పబోయేను. నాన్న నా భుజం పట్టి కుర్చీలో కుదేసి, తను లేచేడు. తువ్వాలు సర్దుకున్నాడు.

"మా వోడు రాసిందేటి బావా? 'ఈ రోజే ఎల్లిపోయారు' అని. ఎల్లింది ఈ రోజే. అందులో అబద్ధం ఏటుంది? ఏ ఏడని మీలో ఒక్కరైనా అడిగేరా?"

నాన్న హాలంతా ఓసారి కలయజూసేడు.

"దిమ్మ గిల్లి, ముక్క నాలిక మీదెట్టి గానీ పాట పాడని వర్తకులు మీరు. ఇయాల గిల్లకండా, రుచి సూడకండా పాడేసేరు. పాడినాక సరుకు ఎనక్కి తీసుకోడం మన మార్కెట్లో ఎప్పుడైనా ఉందా?"

ప్రెసిడెంటు గారు నాన్నని చూసేరు. ఫ్లెక్సీని చూసేరు. ఆయన బుగ్గలు వణికేయి. కోపమనుకున్నాను. నవ్వు. ముందాయన, తర్వాత ముందు వరస, తర్వాత హాలంతా. "కానివ్వండ్రా," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "దండేసేక పూజ ఆపకూడదు. ఆ స్వామి పాటేదో వాయించండి."

రమణ దుప్పటి లాగి అవతల పారేసేడు. మేం వాయించేం. మాడుగుల రైతులు కూడా వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. ఒకాయన చివరిదాకా విని, "బాగుంది గానీ బాబూ, పాట ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగేడు.

మర్నాడు పొద్దున్న మార్కెట్ తెరిచేరు. మా దిమ్మలే ముందు పాడేరు. పాడేముందు ప్రతి ఒక్కడూ, నావైపు చూస్తూ, ముక్క గిల్లి, రుచి చూసి మరీ పాడేడు.

కాబట్టి, సాక్షాత్తూ ఆ గిటార్ మహానుభావుడి ఫ్లెక్సీ మీద, అందులోని విభూది మీద, లేని సిగరెట్టు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక నా జన్మలో, సంవత్సరం వెయ్యకుండా ఎవర్నీ చంపను.