వెనక్కి నడిచి చూసిన బొమ్మ

బెంగుళూరు వెళ్లినప్పుడు అక్కడి ఆర్ట్ మ్యూజియంలో మా ఊరు పెన్‌పహాడ్ అమ్మాయి గీసిన ఆధునిక చిత్రాలు పెట్టారని తెలిసి చూడబోయాను. గోడంత కాగితం మీద నల్లటి చిన్న గీతలు తప్ప నాకేమీ కనబడలేదు. అయినా అంతా అర్థమైనట్టే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

పక్కన కుర్చీలో ఆ అమ్మాయి తల్లి కూర్చుని ఉంది. నేను ఫలానా పటేల్ గారి మనవణ్ణని చెప్పాను. పొలాలన్నీ పోయినా ఆ పేరు చెప్పుకోవడం నేను మానలేదు.

"ఎరికే పటేలా, మీ మడ్లల్ల మస్తు నాట్లేసిన," అంది, కుర్చీలోంచి లేవకుండానే. "బొమ్మ సమజైందా?"

"బాగుంది," అన్నాను.

"గంత దగ్గర నిలబడితే ఏం కనబడ్తది? నాటేసేటోళ్లం ఎన్కకే నడుస్తం గద. నువ్వు గూడ బొమ్మను సూసుకుంట ఎన్కకు నడువు."

మా వాళ్లెప్పుడూ గట్టు మీద నిలబడి నాట్లు చూసినవాళ్లే. పదిమంది ముందు వెనక్కి నడవడం నామోషీ అనిపించింది. అయినా ఒక్కో అడుగే వేశాను. నాలుగు అడుగులకు గీతలు వరుసలయ్యాయి. పది అడుగులకు నీళ్లు నిండిన మడిలో లేత నారు నిలబడింది.

"నడుము వంచకుండ నాటేసినోనివి నువ్వొక్కనివే పటేలా!" అని ఆమె పకపకా నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. ఇంకో అడుగు వెనక్కి వేశాను.