కాశీలో వదిలిన తీపి

నా భార్య కళ్ళు ఎందుకు పోయాయన్న విషయంలో మా బంధువర్గంలో ఒక అబద్ధం స్థిరపడిపోయింది. పెద్దవాళ్ళు గుసగుసగా చెప్పుకున్నంత కాలం దానిని ఖండించడం నా స్థాయికి తగదని ఊరుకున్నాను. ఇప్పుడది మూడవ తరం పిల్లల నోట కుటుంబ చరిత్రగా వినబడుతున్నది కనుక, జ్ఞాపకశక్తి ఇంకా నా ఆధీనంలో ఉండగానే జరిగినదానిని జరిగినట్టు రాసిపెట్టడం నా విధి.

గత నెల అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యాక కేకు పంచుతున్నారు. మా పెదనాన్నగారి కుమారుడు, అంటే నాకు అన్నగారు, ఆయన మనుమరాలు నా ముందు వరుసలో స్నేహితురాళ్ళతో కూర్చుని ఉన్నది. ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకుంటున్న పిల్ల. ఆరోగ్యం కోసం పంచదార పూర్తిగా మానేసిందట. జబ్బకు నాణెమంత పరికరం ఒకటి అతికించుకుని, రక్తంలో చక్కెర ఎంతున్నదో ఫోనులో చూసుకుంటున్నది. కేకు తెచ్చినావిడతో, "నో థాంక్స్ ఆంటీ, ఐ డోంట్ డూ షుగర్" అంది. ఆవిడ "ఓకే నాన్నా" అని పళ్ళెం పక్కకు జరిపింది. అంతటితో ఆ వ్యవహారం ముగిసింది. అంత సులభంగా ముగియడం నాకు వింతగానే తోచింది. ఇంతలో ఆ పిల్ల స్నేహితురాళ్ళ వైపు తిరిగి, "మా ఫ్యామిలీలో ఒక చిన్న మామ్మ ఉండేది. షుగర్ తినను అని కాశీలో గాడ్‌కి ప్రామిస్ చేసిందంట. ఆమె హస్బెండ్ ఆ ప్రామిస్ బ్రేక్ చేశాడు, సో షి వెంట్ బ్లైండ్. మామ్మ చెప్పింది" అంది.

ఆ భర్తను నేనే. ఆమె వెనుక కుర్చీలోనే ఉన్నాను. పిల్ల తప్పేమీ లేదు, విన్నది చెప్పింది. చెప్పినవారి సంగతి ఇక చెబుతాను.

కార్ల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగానికి నేను మిషిగన్ వచ్చిన కొత్తల్లో, ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉండేవి. శనివారం వస్తే ఎవరో ఒకరి ఇంట అందరి భోజనం. ఆ బృందానికి పెద్దదిక్కు మా వదినగారు, అంటే ఇందాక చెప్పిన అన్నగారి భార్య. అందరికంటే ముందు వచ్చినవారు కనుక కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పినవారూ ఆమే, పురుళ్ళు పోసినవారూ ఆమే. మా ఇద్దరు పిల్లలకూ మొదటి స్నానం ఆమె చేతుల మీదుగానే జరిగింది. న్యాయంగా మాట్లాడాలి కనుక ఇది కూడా రాస్తున్నాను. అయితే చేసిన ప్రతి ఉపకారానికీ ఆమె పుచ్చుకునే పన్ను ఒక్కటే: ఆమె వండినది తినాలి, ఆమె చాలన్నప్పుడే చాలనాలి. అరచెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించగల నేర్పు ఆమెది.

మా ఆవిడకు రెండవ కాన్పు తరువాత మధుమేహం బయటపడింది. కంటి వెనుక రక్తనాళాలు అప్పటికే బలహీనపడుతున్నాయనీ, తీపి మానకపోతే చూపు దక్కదనీ వైద్యుడు మొహమాటం లేకుండా చెప్పాడు. ఆమె ఇంట్లో ఆనాడే మానేసింది. కాఫీలో పంచదార లేదు, పూజలో బెల్లం ముక్క నైవేద్యమే తప్ప ప్రసాదం లేదు. అంత గట్టి మనిషి శనివారం వచ్చేసరికి ఓడిపోయేది. ఎందుకంటే మన ఇళ్ళలో 'వద్దు' అనే మాటకు 'మరికాస్త వడ్డించండి' అని అర్థం. జబ్బు వల్ల వద్దంటే ఇంకా లోకువ. వదినగారు బొబ్బట్టు పట్టుకుని వచ్చి నిలబడేవారు.

"డాక్టరేమిటే చెల్లీ, డాక్టరు! ఆ తెల్లవాడికి మన తిండి సంగతేం తెలుసు? ఒక్క బొబ్బట్టుకే పోతావా? పోతే నా పూచీ."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. "ఆవిడకి ఒళ్ళు తగ్గించాలని ఉందండీ, సినిమాల్లోకి వెళుతుందేమో" అని ఒకరు, "మా ఇంటి పాయసానికి పెట్టిన వంక అనుకున్నాను, అందరిళ్ళలోనూ ఇంతేనా" అని ఇంకొకరు. నేను కలగజేసుకుని ఇది ప్రాణాలతో పరిహాసమని కఠినంగానే చెబితే, "మరిదిగారి ఇంట్లో పెళ్ళాం నవ్వాలన్నా పర్మిషన్ కావాలి" అనేవారు వదినగారు. మా ఆవిడ తినేది. మరునాడు తలనొప్పితో పడుకునేది. వెళ్ళడం మానేద్దామంటే, "మనకింకెవరున్నారండీ ఈ దేశంలో" అనేది. అది నిజమే.

ఇట్లా కొన్నేళ్ళు గడిచాక ఆమె పిల్లలతో ఇండియా వెళ్ళినప్పుడు తన తల్లిగారితో కలిసి కాశీ వెళ్ళింది. కాశీలో ఇష్టమైనదొకటి వదిలిరావాలన్న ఆచారం మీకు తెలిసినదే. చాలామంది యుక్తిగా ఎన్నడూ ముట్టని కాకరకాయను వదిలి పుణ్యం కట్టుకుంటారు. మా ఆవిడ గంగలో నిలబడి తీపి వదిలింది. తిరిగివచ్చి నాతో చెబుతూ నవ్వింది. డాక్టరుగారి మాట వినని వదినగారు విశ్వేశ్వరుడి మాట వినకేం చేస్తారన్నది ఆమె ఎత్తు.

ఎత్తు అద్భుతంగా పారింది. ఆ తరువాతి శనివారం బొబ్బట్టుతో వచ్చిన వదినగారు కాశీ మాట వినగానే రెండడుగులు వెనక్కి వేశారు. అప్పటినుంచి మా ఆవిడకు ప్రతి ఇంటా వేరే పళ్ళెం, వేరే గరిటె. పులుసులో బెల్లం వేస్తే ముందుగా హెచ్చరించేవారు. ఆమెను పెద్ద వ్రతస్థురాలిగా చూడసాగారు. ఆమెకూ క్రమంగా ఎత్తు అన్నది మరుపున పడి, వ్రతమన్నదే మిగిలింది. నేను సంతోషించాను. ఆమె ఆరోగ్యం కుదుటపడింది. అయితే జబ్బు ముదిరినందువల్ల ఇన్సులిన్ సూదులు మాత్రం తప్పలేదు.

ఒక ఆదివారం మా మిత్రులొకరి ఇంట సత్యనారాయణ వ్రతం. పన్నెండింటికి భోజనాలన్నారు. మన వేడుకల కాలనియమం గురించి నేనొక పుస్తకమే రాయగలను. 'వడ్డిస్తున్నాం, కూర్చోండి' అంటే బియ్యం ఇంకా కడగలేదని అర్థం. ఆ మాట నమ్మి మా ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి సూది వేసుకుని వచ్చింది. పురోహితుడు మరో ఇంట ఆలస్యమై అప్పుడే దిగాడు. కథ మొదలైంది. సూది వేసుకున్నవాళ్ళు వెంటనే తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. నాలుగో కథ నడుస్తుండగా ఆమెకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది. నేను లేచి ఫ్రిజ్‌లోంచి నారింజ రసం డబ్బా తెచ్చి గ్లాసులో పోసి నోటి దగ్గర పెట్టాను. స్పృహ సగమే ఉన్నా ఆమె పళ్ళు బిగించింది.

వదినగారు నా మణికట్టు పట్టుకున్నారు. "ఆగండి మరిదిగారూ. గంగలో నిలబడి వదిలిన తీపి. మీరు పోస్తే ఆ దోషం ఎవరికి?"

"చెయ్యి వదలండి, వదినగారూ. ప్రాణం పోతుంది."

"జ్యూస్ తీపి కిందికి రాదనుకుంటానండీ" అన్నాడు నాతో పనిచేసే ఇంజనీరు ఒకడు. "పండు వేరు, పంచదార వేరు."

"డబ్బా జ్యూస్‌లో పంచదార యాడ్ చేస్తారండీ, లేబుల్ చూడండి" అన్నాడు మరొకడు. మొదటివాడు నిజంగానే డబ్బా తిప్పి చదవడం మొదలుపెట్టాడు.

"ఉప్పు వేసి మజ్జిగ ఇవ్వండి, తేరుకుంటుంది" అన్నదొక ఇల్లాలు. అంబులెన్సును పిలవండి అని నేనరిస్తే ఇంటాయన నసిగాడు: "వ్రతం పూట గుమ్మంలో సైరన్ ఎందుకండీ? చుట్టూ అందరూ అమెరికన్సే. ఒక్క ఐదు నిమిషాలు చూద్దాం."

అందరూ పట్టభద్రులు. ఒక వైద్యుడి ఆజ్ఞతో ఆమె పళ్ళెంలోనుంచి ఒక్క బొబ్బట్టును తొలగించలేకపోయినవాళ్ళు, ఒక గుక్కెడు రసాన్ని ఆమె గొంతులోకి పోనివ్వకుండా ఎంత శ్రద్ధగా కాపలా కాశారో ఆ రోజు చూశాను. నేను వదినగారి చేతిని విదిలించి, భార్య దవడలు నొక్కి నోరు తెరిపించి, కొంచెం కొంచెంగా రసం పోశాను. ఆమె నా వేలు కొరికింది. నెత్తురు వచ్చింది. నేను ఆపలేదు.

కొంతసేపటికి తేరుకుని, నాలుకతో పెదవులు తడుపుకుని, "నా నోట్లో ఏం పోశారు?" అని అడిగింది. చెప్పాను. "ఎవరూ అడ్డుపడలేదా?" అంది. వదినగారు అడ్డుపడ్డారని చెప్పాను. అప్పుడామె వదినగారి వైపు చెయ్యి చాచి ఆమె వేళ్ళు పట్టుకున్నది. కృతజ్ఞతతో పట్టుకున్నది.

మరుసటి సంవత్సరం ఆమె కళ్ళలో రక్తస్రావమై చూపు పోయింది. ఇది చాలా ఏళ్ళుగా జరిగిన నష్టమనీ, ఆ పూట తాగిన రసానికి దీనితో సంబంధం లేదనీ వైద్యుడు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఏ శనివారాల నష్టమో నేను ఆమెకు విడమరిచి చెప్పాను. ఆమె ఆయన మాటా వినలేదు, నా మాటా వినలేదు. వదినగారు పరామర్శకు వచ్చి మంచం పక్కన కూర్చుని, "గంగమ్మతో ఆటలాడకూడదమ్మా. నువ్వేం చేస్తావు, నీ చేతులారా జరిగింది కాదుగా" అన్నారు. ఆ ఒక్క వాక్యమే ఇన్నేళ్ళుగా మా బంధువుల ఇళ్ళలో తిరుగుతున్నది.

చూపు లేని కాలంలో ఆమెకు అన్నం నేనే కలిపి పెట్టేవాడిని. వేళకు పెట్టాను, కొలిచి పెట్టాను, పోయేవరకూ ఒక్క పూట తప్పలేదు. నా చేతి ముద్ద పెదవి దాకా వచ్చిన ప్రతిసారీ ఆమె ముఖం కాస్త వెనక్కి తీసుకుని, "ఇందులో తీపి లేదుగా?" అని అడిగేది. వదినగారు వచ్చి పెట్టినప్పుడు అడగకుండా తినేది.

ఈ రోజుల్లో పిల్లలు ఒక్క మాటతో తీపి వద్దంటారు, అవతలివాళ్ళు సరేనంటారు, ఎవరి మర్యాదకూ భంగం లేదు. ఎవరూ ఎవరినీ బలవంతం చేయని ఈ ఇళ్ళలో ఆప్యాయత పలచబడిందని నా వయసువాళ్ళు వాపోతుంటారు. నేను వాళ్ళతో ఏకీభవించను. ఆ ఆప్యాయత ఖరీదు మా ఇంట్లో తెలుసు. అయితే ఆ గృహప్రవేశంలో ఆ పిల్ల ముందునుంచి కేకు పళ్ళెం అలా జరిగిపోతుంటే, మా ఆవిడ కూడా ఈ కాలంలో పుట్టి ఉంటే కాశీదాకా వెళ్ళవలసిన పని ఉండేది కాదు కదా అనుకున్నాను.

ఆనాడు ఆ వ్రతానికి వచ్చినవారిలో ఇంకా బతికి ఉన్నవారు కొందరున్నారు. ఎవరి మాట ఎవరి నోట పెట్టానో, వరుస ఎక్కడ తప్పానో చూసి వారు నన్ను దిద్దవలసిందిగా కోరుతున్నాను. వదినగారు ఇప్పుడు ఫ్రిస్కోలో కూతురి దగ్గర ఉంటున్నారు. వయసు మీదపడి చదవలేరు కనుక ఎవరైనా ఆమెకు దీనిని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించి, ఆమె చెప్పే సవరణలు కూడా నాకు పంపండి. తప్పకుండా చేరుస్తాను.